అమానత్‌ను అల్మారాలో పెట్టి తాళం వేస్తే



మా నానీ ఆవాజ్ ఉన్న కేసెట్ ఒకటి పెద్ద మామూ ఇంట్లో ఉండేది. చిన్న ఖాలా షాదీకి గల్ఫ్ నుంచి ఎవరో తెచ్చిన టేప్‌రికార్డర్ పెట్టి, మంఝా రాత్రి నానీ ఢోలక్ మీద పాడిన పాటలు పట్టారు. నానీ పోయాక అమ్మీ ఆ కేసెట్ ఎప్పుడడిగినా మామూది ఒకటే జవాబు. "అభీ నక్కో మా, ఊరికే తిప్పితే టేపు ఖరాబ్ అవుతుంది. మంచి చోట ఇచ్చి సాఫ్ చేయించి అందరికీ తలా ఒక కాపీ ఇస్తా." మామూ అబద్ధం చెప్పే మనిషి కాదు. ఆ కేసెట్‌ను ప్లాస్టిక్ కవర్లో చుట్టి, అత్తరు సీసాల పక్కన, అల్మారాలో పెట్టి తాళం వేశాడు. పదిహేనేళ్ల తర్వాత తీసి చూస్తే టేపు నిండా తెల్లటి బూజు.

ఈ కేసెట్ సంగతి చివర్లో మళ్లీ చెప్తాను. ముందు హాలీవుడ్‌కి వెళ్లొద్దాం రండి. నవ్వకండి, రెండూ ఒకటే కిస్సా.

2011లో మన దేశపు మొదటి టాకీ 'ఆలం ఆరా'కు ఎనభై ఏళ్లు నిండాయి. ఆదివారం అనుబంధానికి ఒక వ్యాసం రాయమన్నారు. 1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్ టాకీస్‌లో రిలీజ్. అర్దేషిర్ ఇరానీ డైరెక్షన్. ఏడు పాటలు. భాష మనం ఇళ్లలో మాట్లాడుకునే దానికి దగ్గరి హిందూస్తానీ. రాయడానికి బోలెడు ఉంది, చూడటానికి మాత్రం ఏమీ లేదు. కొన్ని ఫొటోలు, పోస్టర్లు తప్ప ఆ సినిమా ఒక్క రీలు కూడా ఈ భూమ్మీద దొరకడం లేదు. ఇరానీకి ఈ సినిమా తీయాలన్న షౌక్ ఎక్కడ పుట్టిందని వెతికితే, యూనివర్సల్ కంపెనీ 1929లో తీసిన 'షో బోట్' చూసి పుట్టిందని తెలిసింది. సరే, కనీసం దాన్నైనా చూద్దామనుకున్నా. అది కూడా మొదట విడుదలైన రూపంలో పూర్తిగా మిగల్లేదు! అట్లా ఒక పోయిన సినిమా వెంట పడి ఇంకో పోయిన సినిమా దగ్గరికి వెళ్లాను. ఆ గల్లీలోంచి ఇంతవరకూ బయటికి రాలేదు.

1927 నుంచి 1932 దాకా హాలీవుడ్‌లో వచ్చిన పాటల సినిమాలకు ఇవాళ్టికీ ఆషిక్‌లు ఉన్నారు. పెద్ద సంఖ్యలో లేరు. ఉన్నవాళ్లు మాత్రం పక్కావాళ్లు. ఏ సినిమా ఏ ఖజానాలో ఉంది, రంగుల కాపీ ఉందా, ఆవాజ్ డిస్కు ఎక్కడ దొరికింది, కంపెనీ ఎప్పుడు విడుదల చేస్తుంది అని ఏళ్ల తరబడి ఇంతెజార్ చేస్తుంటారు. వాళ్ల ఇంతెజార్ వెనక ఉన్న హక్ ఏమిటో నాకు తోచినట్టు చెప్పడానికే ఇదంతా రాస్తున్నా.

ముందు ఆ జమానాలో పని ఎట్లా జరిగేదో చూడండి. 1927 అక్టోబర్ 6న న్యూయార్క్‌లో వార్నర్ కంపెనీ 'ది జాజ్ సింగర్' విడుదల చేసింది. అందులో ఆవాజ్ ఫిల్మ్ మీద లేదు, విడిగా గ్రామఫోన్ డిస్కు మీద ఉండేది. దాని పేరు వైటాఫోన్. పదహారు అంగుళాల డిస్కు, నిమిషానికి 33 1/3 చుట్లు, ఒక్కో డిస్కు ఒక్కో రీలుకు సరిపడా పదకొండు నిమిషాలు. సూది లోపలి అంచు నుంచి బయటికి నడిచేది. ప్రొజెక్టరూ, డిస్కూ ఒకే మోటారు మీద తిరిగితేనే పెదవికి మాట సరిపోయేది. ఫిల్మ్ ఎక్కడైనా తెగితే మామూలుగా అతికించడానికి లేదు, పోయినంత పొడవు నల్ల ఫిల్మ్ కలపాలి. లేదంటే హీరోయిన్ నోరు మూశాక పాట వినిపిస్తుంది.

అంటే బొమ్మ ఒక డబ్బాలో, గొంతు ఇంకో పెట్టెలో. సినిమా ఆడినన్నాళ్లు రెండూ ఒక్క చోట ఉన్నాయి, తర్వాత బిచ్ఛడ్ గయే. ఫిల్మ్ ఒక ఊళ్లో, డిస్కు ఇంకో ఊళ్లో. 1929లో వచ్చిన 'గోల్డ్ డిగ్గర్స్ ఆఫ్ బ్రాడ్వే' ఆ రోజుల్లో బ్రహ్మాండంగా ఆడిన రంగుల సినిమా. ఇవాళ దాని ఆవాజ్ మొత్తం డిస్కుల మీద ఉంది. బొమ్మ మాత్రం చివరి రెండు రీళ్లూ, చిన్నా చితకా ముక్కలూ. మొదటి నుంచీ వినొచ్చు, చివర్లో మాత్రమే చూడొచ్చు. చీకట్లో కూర్చుని గంటకు పైగా గొంతులు విన్నాక, హఠాత్తుగా ఎర్రటి, పచ్చటి వెలుగులో వందమంది నాట్యం చేస్తూ కనిపిస్తే ఎట్లా ఉంటుందో ఊహించండి.

అప్పటి టెక్నికలర్‌లో ఎరుపూ ఆకుపచ్చా రెండే రంగులు, నిజమైన నీలం పలికేది కాదు. 'ఆన్ విత్ ది షో' అనే సినిమా 1929లో మొదటి నుంచి చివరి దాకా రంగుల్లో, మాటలతో, పాటలతో వచ్చింది. అట్లాంటి నిడివి సినిమాల్లో అదే మొదటిది. ఈథెల్ వాటర్స్ అనే నల్లజాతి గాయని అందులో నిలబడి పాడుతుంది. సినిమా ఇవాళ బ్లాక్ అండ్ వైట్‌లోనే మిగిలింది. 2005లో కొన్ని సెకన్ల రంగుల ముక్క ఒకటి బయటపడితే ఈ ఆషిక్‌లు ఈద్ చేసుకున్నారు. కొన్ని సెకన్లకే!

ఎందుకు పోయాయంటే కారణాల్లో గొప్ప రహస్యం ఏమీ లేదు. ఆ ఫిల్మ్ నైట్రేట్‌తో చేసింది, నిప్పంటుకుంటే ఆగదు, నిప్పు లేకున్నా నిదానంగా కుళ్లిపోతుంది. 1937లో న్యూజెర్సీలో ఫాక్స్ కంపెనీ గోదాము, 1965లో ఎంజీఎం గోదాములో ఒకటి కాలిపోయాయి. మన పుణేలోనూ 2003లో నైట్రేట్ ఫిల్ములు దాచిన చోట మంటలు లేచాయి. అయితే అగ్ని కన్నా పెద్ద దుష్మన్ బేఖదరీ. 1930 కల్లా పాటల సినిమాలు ఎక్కువై జనానికి మొహం మొత్తింది. తీసిన సినిమాల్లోంచే పాటలు కోసి పారేశారు. తర్వాత రోజుల్లో వాటిని టీవీకి అమ్మేటప్పుడు బ్లాక్ అండ్ వైట్ కాపీలు చాలనుకున్నారు. రంగుల నెగటివ్ ఎవరికి కావాలి? ఎవరికీ అక్కర్లేదనుకున్న రోజున వస్తువు సగం చచ్చిపోయినట్టే.

1934 తర్వాత సెన్సార్ నియమాలు బిగిశాయి. అంతకు ముందు సినిమాలను మళ్లీ విడుదల చేయాలంటే కత్తెర వేయక తప్పలేదు. రూబెన్ మమూలియన్ 1932లో తీసిన 'లవ్ మీ టునైట్' చూడండి. పారిస్ నగరం నిద్ర లేచే చప్పుళ్లతోనే తాళం కట్టి సినిమా మొదలుపెట్టాడు. పాట ఒక దర్జీ దుకాణంలో మొదలై, టాక్సీ ఎక్కి, రైల్లో సిపాయిల నోట పడి, రాజకుమారి కిటికీ దాకా చేరుతుంది. నా దృష్టిలో పాటతో కథ నడపడం ఎట్లాగో తెలియాలంటే ఇంతకు మించిన సబక్ లేదు. మళ్లీ విడుదలలో అందులోంచి కోసిన నిమిషాలు ఇంతవరకూ దొరకలేదు.

మా ఆఫీసులో ఒక మిత్రుడు అడిగాడు. "మన ఆలం ఆరానే లేదు. తెలుగు మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' లేదు. అమెరికా వాళ్ల నాచ్-గానా పోతే నీకెందుకు భాయ్ పరేషాన్?"

సవాల్ బాగుంది. నా జవాబు ఇది. మన పాటల సినిమా ఆకాశం నుంచి ఊడిపడలేదు. దానికి ఒక చెయ్యి పార్సీ నాటకం, ఉర్దూ రంగస్థలం. లక్నో షాయర్ ఆగా హసన్ అమానత్ 19వ శతాబ్దంలో రాసిన 'ఇందర్ సభ'ను 1932లో టాకీగా తీస్తే అందులో డెబ్బై దాకా పాటలున్నాయి. రెండో చెయ్యి ఆ ఏడాదుల్లో బొంబాయి, కలకత్తా హాళ్లలో ఆడిన అమెరికన్ టాకీలు. 'ఆలం ఆరా'లో పనిచేసిన హెచ్.ఎం. రెడ్డి గారే తర్వాత 1932లో 'భక్త ప్రహ్లాద' తీశారు. షో బోట్ నుంచి ఆలం ఆరాకు, ఆలం ఆరా నుంచి మన తెలుగు తెరకు ఒక సిల్సిలా ఉంది. హాలీవుడ్ వాళ్లు పాటలు కోసేసుకుంటున్న ఆ రోజుల్లోనే మనవాళ్లు పాటను పట్టుకున్నారు, ఇవాళ్టికీ వదల్లేదు. మన ఇంటి చివరి కడీ పోయింది కాబట్టి, మిగిలిన కడీలు ఎక్కడున్నా నాకు కావాలి. పోగొట్టుకున్న వాడికే కదా వస్తువు ఖదర్ తెలిసేది.

ఇంకో సవాల్ నన్ను నేనే వేసుకున్నా. ఈ సినిమాల్లో మనుషుల్ని కించపరిచేవి ఎన్ని లేవు? జాజ్ సింగర్‌లో అల్ జోల్సన్ మొహానికి మసి పూసుకుని పాడతాడు. 1929లో వార్నర్ తీసిన 'ది డెజర్ట్ సాంగ్' మొరాకోలో నడిచే కథ. నిజంగా అక్కడ 1921 నుంచి 1926 దాకా అబ్దుల్ కరీం నాయకత్వంలో రీఫ్ కబీలాలు స్పెయిన్ మీద, ఫ్రాన్స్ మీద జంగ్ చేశాయి. ఆయన లొంగిపోయిన 1926లోనే బ్రాడ్వేలో ఈ సంగీత నాటకం మొదలైంది. ఇందులో రీఫ్ వీరుల సర్దార్ ఎవరనుకున్నారు? వేషం మార్చిన ఫ్రెంచి జనరల్ కొడుకు! మన జంగ్, వాళ్ల హీరో. చూస్తుంటే గుస్సా వస్తుంది. హంసీ కూడా వస్తుంది.

అట్లాంటివి దాచేస్తే పోలేదా అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. జర్నలిస్టుగా నాకు తెలిసింది ఒకటే, సుబూత్ పోతే ముఖద్దమా పోతుంది. మన మీద ఎట్లాంటి కథలు అల్లారో, అవి ఎంత తియ్యటి బాణీల్లో చెప్పారో మా పిల్లలకు చూపించాలంటే ఆ సినిమా ఉండాలి. కోయకుండా ఉండాలి. ముందు రెండు నిమిషాలు ఇది ఏ కాలానిది, ఇందులో తప్పేమిటి అని చెప్పి, తర్వాత మొత్తం చూపించండి. కత్తెర వేసినవాడు అవమానాన్ని తుడవడు, గవాహీని తుడుస్తాడు. పైగా డెజర్ట్ సాంగ్ రంగుల భాగాలు ఇప్పటికే పోయాయి, బ్లాక్ అండ్ వైట్ మాత్రమే మిగిలింది. ఇంకా ఏం పోగొట్టుకుందాం?

ఇక అసలు విషయం, మాలిక్‌ల సంగతి. ఈ సినిమాల్లో ఎక్కువ భాగం ఇవాళ రెండు మూడు పెద్ద కంపెనీల చేతుల్లో ఉన్నాయి. పాత వార్నర్, ఎంజీఎం, ఆర్కేఓ సినిమాలు వార్నర్ దగ్గర. 1950కి ముందు పారమౌంట్ సినిమాలు చాలా వరకు యూనివర్సల్ దగ్గర. వాళ్లను ఊరికే తిట్టడం నా మక్సద్ కాదు. యూనివర్సల్ వాళ్లు 1930 నాటి 'కింగ్ ఆఫ్ జాజ్'ను 2016లో ఎంతో మెహనత్‌తో బాగుచేయించారు, 2018లో అది బ్లూరేగా వచ్చింది. చూసినవాళ్లకు తెలుసు, ఆ రెండు రంగులు ఎంత నూర్‌తో వెలుగుతాయో. వార్నర్ వాళ్లు 2009లో ఒక మంచి పద్ధతి మొదలుపెట్టారు. వేల డిస్కులు చేసి గోదాములో పెట్టకుండా, ఎవరు ఆర్డర్ ఇస్తే వాళ్లకు ఒక డిస్కు రాసి పంపడం. పెద్ద నఫా లేకపోయినా నుక్సాన్ లేదు. "కొనేవాళ్లు లేరు" అనే బహానా ఆ రోజుతోనే చెల్లిపోయింది.

అయినా ఇంకా ఎన్నో డబ్బాలు తెరుచుకోలేదు. కారణం అడిగితే వినిపించేవి రెండు మాటలు. ఒకటి, పూర్తిగా బాగుచేయడానికి ఖర్చు ఎక్కువ. రెండు, అసంపూర్ణంగా విడుదల చేస్తే బాగుండదు. ఇక్కడే నాకు మా మామూ అల్మారా కనిపిస్తుంది. మంచిగా చేద్దాం, తర్వాత చేద్దాం అనే నీయత్‌లో ఖోట్ లేదు. కానీ నైట్రేట్‌కు మన నీయత్‌తో పని లేదు, అది తన పని తాను చేసుకుపోతుంది.

ఖానూన్ సంగతీ చెప్పుకోవాలి. అమెరికాలో ఆనాటి సినిమాల మీద హక్కు 95 ఏళ్లు. 2025 జనవరి 1న 1929 సినిమాలన్నీ అక్కడ అవామ్ సొత్తయ్యాయి. అందులో ఆస్కార్ ఉత్తమ చిత్రంగా గెలిచిన మొదటి టాకీ 'ది బ్రాడ్వే మెలొడీ' కూడా ఉంది. అందులోనూ ఒక రంగుల పాట ఉండేది, ఇప్పుడు అది నలుపు తెలుపే. మన దేశంలో సినిమా మీద హక్కు 60 ఏళ్లే. ఖుషీ పడాల్సిందే. కానీ ఒక్క మాట. హక్కు అందరిదీ అయినా తాళంచెవి కంపెనీ దగ్గరే ఉంది. మంచి నెగటివ్ గోదాములో ఉంటే, అవామ్ చేతికి వచ్చేది ఎవరో టీవీ నుంచి ఎక్కించుకున్న మసక కాపీయే. ఖానూన్ దర్వాజా చూపిస్తుంది గానీ తెరవదు.

నేను చదివింది ఉర్దూ మీడియం బడిలో. మా మాస్టర్ సాబ్ 'అమానత్' అనే లఫ్జ్‌కు అర్థం చెప్పడానికి తన చేతి గడియారం విప్పి ఒక పిల్లవాడి చేతిలో పెట్టారు. "ఇది నీ దగ్గర ఉంది. నీది కాదు. పగలగొడితే ఖయానత్. అడిగినప్పుడు ఇవ్వకపోయినా ఖయానతే." తర్వాత తెలుగులో డిగ్రీ చేశా, నిఘంటువులు తిరగేశా. ఈ లఫ్జ్‌కు సరిగ్గా సరిపోయే ఒక్క తెలుగు మాట నాకు దొరకలేదు, నాలుగు మాటలు కలిపి చెప్పాల్సి వస్తుంది. ఆ పాత పాటల సినిమాలు కంపెనీలకు ఆస్తి కావచ్చు. తొంభై ఏళ్లు దాటాక, తీసినవాళ్లూ ఆడినవాళ్లూ మట్టిలో కలిసిపోయాక, అవి అమానత్. అడిగేవాళ్లు దర్వాజా దగ్గర నిలబడే ఉన్నారు.

కాబట్టి నేను కోరేది మూడే. ఉన్నది ఉన్నట్టు విడుదల చేయండి, గీతలున్నా సరే, మధ్యలో ఒక రీలు లేకున్నా సరే. బొమ్మ పోయి ఆవాజ్ మిగిలితే ఆవాజే వినిపించండి. మీ ఖజానాలో ఏముందో ఒక ఫెహరిస్త్ అందరికీ కనిపించేట్టు పెట్టండి. అది చూసి ఎక్కడో ఎవరో తన అటక మీదున్న డిస్కును గుర్తుపట్టొచ్చు.

ఇది గాలి మాట కాదు. 1991లో రాన్ హచిన్సన్, మరికొందరు షౌకీన్‌లు కలిసి వైటాఫోన్ ప్రాజెక్ట్ అని పెట్టుకున్నారు. రికార్డులు పోగుచేసేవాళ్ల ఇళ్లలో పడి ఉన్న డిస్కుల్ని వెతకడం, ఖజానాల్లో మూగగా ఉన్న రీళ్లతో జత కలపడం వాళ్ల పని. అట్లా దశాబ్దాల తర్వాత ఎన్నో చిన్న సినిమాలకు గొంతు తిరిగొచ్చింది. గొంతును ఒకరు దాచారు, మొహాన్ని ఒకరు దాచారు, మధ్యలో ఇద్దరినీ కలిపే మొహబ్బత్ ఉన్నవాళ్లు కావాల్సి వచ్చింది. హచిన్సన్ 2019లో కన్నుమూశారు. ఆయన కలిపిన జతలు ఇంకా పాడుతున్నాయి.

ఇప్పుడు కేసెట్ సంగతి. బూజు పట్టిన ఆ టేపును మా మేనల్లుడు ఒక పాత సౌండ్ ఇంజినీర్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన దూదితో అంగుళం అంగుళం తుడిచి, ఒక వైపు నుంచి కొన్ని నిమిషాలు బయటికి తీశాడు. రెండో వైపు ఒకదానికొకటి అతుక్కుపోయింది, రాలేదు. దొరికిన ముక్కలో ఢోలక్ ఉంది, ఒక పాట సగం ఉంది. పాట మధ్యలో నానీ ఆగి "అరే, ఓ పంఖా బంద్ కరో, ఆవాజ్ ఆరై" అని ఎవరినో గద్దించింది. అంతే, మళ్లీ పాట.

ఆ మొదటి టాకీల రోజుల్లో హాలీవుడ్‌లోనూ ఇదే గొడవ. మైకులు ప్రతి చప్పుడూ పట్టేసేవి. కెమెరా గిరగిర వినపడకూడదని దాన్ని, కెమెరామన్‌ను కలిపి ఒక పెట్టెలో బంధించేవారు. రంగుల కోసం పెట్టిన దీపాల వేడిలో, తలుపులన్నీ మూసేసి, ఊపిరి బిగబట్టి పాడేవారు. అంత చెమటోడ్చి పట్టుకున్న గొంతులవి.

మేనల్లుడు ఆ ముక్కను ఫోన్లో పంపిన రోజు అమ్మీ దాన్ని వరసగా ఎన్నిసార్లు విన్నదో నేను లెక్కపెట్టలేదు. పాట దగ్గర ఆమె ఏడవలేదు. పంఖా మాట దగ్గర ఏడ్చింది. మామూ తల వంచుకుని కూర్చున్నాడు. "ఆ రోజే ఇచ్చేస్తే సరిపోయేది. గరగర ఉంటే ఏం, మీరు వినేవాళ్లు" అన్నాడు.

కంపెనీల పెద్దలు నా తెలుగు చదవరని నాకు తెలుసు. కానీ మీరు చదువుతున్నారు. మీ అల్మారాల్లోనూ ఏదో ఒక అమానత్ ఉండే ఉంటుంది. దాదా చదివిన నాత్, ఫూఫీ పాడిన మంఝా పాట, ముషాయిరా కేసెట్, సౌదీ నుంచి అబ్బా ఉత్తరానికి బదులు మాట్లాడి పంపిన టేపు. బాగుచేయించాక చూద్దామని ఆగకండి. ఈ జుమాకి ముందే తీయండి, ఎట్లా ఉంటే అట్లా ఫోన్లోకి ఎక్కించి ఖాందాన్ అందరికీ పంపండి.

ఖుదా హాఫిజ్.